ఐరాల తోడికోడళ్ళ మధ్య సీటు

తిరుపతిలో రెండేళ్ళు ఉండి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా తోటలో అందరూ కొండ గురించే అడుగుతున్నారు. మెట్లు ఎన్ని, లడ్డు ఎంత ఉంటుంది, దేవుణ్ణి ఎంతసేపు చూడనిచ్చారు, అలిపిరి దగ్గర నుంచి నడిచే ఎక్కావా. అన్నిటికీ జవాబు చెప్పాను. కానీ ఆ రెండేళ్ళలో నన్ను నిలబెట్టిన ప్రయాణం కొండ మీదికి కాదు. మా హాస్టలుకు యాభై మైళ్ళ దూరం కూడా లేని ఒక పల్లెకు, సెలవు రోజుల్లో, అనుకోకుండా వెళ్ళినది. దాని గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను.

మా సంగతి తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. మాది మలేసియాలో ఒక రబ్బరు తోట. మా ముత్తాతలు విశాఖపట్నం అవతల పల్లెల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. తోటలో తెలుగు బడి ఒకటి ఉంది. దాన్ని నడిపే మాస్టారు ముసలివాడయ్యాడు. ఆయన తర్వాత చెప్పేవాళ్ళు దొరక్కపోతే బడి మూసేయడమే. అందుకని తోటలో వాళ్ళంతా కూడబలుక్కుని, 1980లో నన్ను తెలుగు పండిత శిక్షణ కోసం తిరుపతి పంపారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పేరు అప్పలనరసమ్మ.

ఆ పేరు హాజరు పట్టీలో పిలిచిన రోజునే క్లాసులో చిన్న నవ్వు వినిపించింది. వారం తర్వాత పాఠం చదవమన్నారు. చదవడం బాగానే చదివాను. అర్థం అడిగితే మాత్రం మా నానమ్మ నోటి తెలుగు వచ్చేసింది. "ఏటంటే..." అని మొదలుపెట్టేసరికి క్లాసంతా ఘొల్లుమంది. పాఠం చెప్పే ఆయన మంచివాడే, కానీ ఆయనా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి నేను క్లాసులో నోరు విప్పలేదు. హాస్టల్లో ఇంగ్లీషు, అంగట్లో సైగలు. రెండు నెలలు అలా గడిచాక ఇక చాలనిపించింది. సోమవారం ప్రిన్సిపాలు గారిని కలిసి, చదువు మానేసి వెళ్ళిపోతానని చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఆ సోమవారానికి ముందు మూడు రోజులు సెలవు వచ్చింది. పంద్రాగస్టు శుక్రవారం పడింది, శనివారం కూడా కాలేజీ లేదు. హాస్టలంతా ఊళ్ళకు వెళ్ళిపోయింది. ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే కదా, దగ్గర్లో ఉన్న నాలుగు చోట్లయినా చూసి పోదామని బయలుదేరాను.

శుక్రవారం: చంద్రగిరి

చంద్రగిరి తిరుపతికి అరగంట దూరం. బస్సు దిగి, జెండా వందనం అయిపోయి కాగితం జెండాలతో ఇళ్ళకు పోతున్న పిల్లల వెనకాల నడిస్తే కోట వచ్చింది. మా దేశంలో కోటలంటే సముద్రం ఒడ్డున పోర్చుగీసువాళ్ళు కట్టినవి. ఇది అలాంటిది కాదు. వెనక బండరాళ్ళ కొండ, ముందు మూడంతస్తుల మహలు, మధ్యలో నేరేడు చెట్టు నీడన ఒక ముసలి కాపలాదారు.

యాడనుంచి వచ్చినావు పాపా అని ఆయన అడిగాడు. నేను భయపడి ఇంగ్లీషులో జవాబు చెప్పాను. ఆయన పాపం లేచి, బిరబిరా ఊళ్ళోకి వెళ్ళి, ఒక రిటైరైన బడిపంతులును వెంటబెట్టుకొచ్చాడు. ఇక చూడండి నా అవస్థ. కాపలాదారు రాణి స్నానానికి నీళ్ళు కొండమీది నుంచి ఎలా వచ్చేవో, ఆ రాతి కాలవ యాడ పగిలిందో, చిన్నప్పుడు తాను అందులో ఎలా జారి పడ్డాడో అయిదు నిమిషాలు చెబుతాడు. పంతులు గారు కళ్ళద్దాలు సర్దుకుని, ఇది రాణి గారి స్నానాల గది అని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెబుతాడు. నాకు మొదటిదే పూర్తిగా అర్థమైంది. అర్థమైందని చెప్పడానికి మాత్రం సిగ్గు అడ్డం వచ్చింది. చెన్నపట్నం స్థలాన్ని ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చింది ఈ కోటలోనే అని కూడా కాపలాదారు చెప్పాడు. నేను ఓడ దిగింది ఆ చెన్నపట్నంలోనే. ఆ మాట చెప్పాలని నాలుక దాకా వచ్చింది, మింగేశాను.

వెళ్ళేటప్పుడు కాపలాదారు పంతులు గారితో అన్నాడు: "ఈ పాపకి తెలుగొచ్చుంటే ఇంకా శానా చెప్పుండేవాణ్ణి సామీ."

ఆ మాట పంతులు గారు అనువాదం చెయ్యలేదు. బయట బుట్టలో జామకాయలు అమ్ముతున్నారు, పావలాకు నాలుగు. కొనుక్కుని, ఒకటి కూడా తినకుండా హాస్టలుకు వచ్చేశాను.

శనివారం పొద్దున: చిత్తూరు బస్టాండు

మర్నాడు కాణిపాకం వెళ్ళాలని చిత్తూరు బస్సెక్కాను. దారి పొడుగునా మామిడి తోటలు, మధ్యలో గుండ్రాళ్ళ గుట్టలు. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టుంటాయి. చిత్తూరులో దిగుతుంటే చెప్పు వారు తెగింది. కుట్టేవాడు దొరకలేదు. పిన్నీసు పెట్టి బిగించుకున్నాను. అది ఆ రెండు రోజులూ నా బొటనవేలిని పొడుస్తూనే ఉంది.

బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ కొబ్బరిది కాదు, చెనిక్కాయలది. వేరుశనగకు అక్కడ అదే పేరు. చిక్కగా, కారంగా, తాలింపు ఘుమఘుమలాడుతూ ఉంది. మన దగ్గర టీలో టిన్ను పాలు పోస్తారు కదా, అక్కడ అప్పుడే కాచిన పాలు. టీ ముప్పై పైసలు. హోటలాయన ఒక మాట తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు, ఇంకో మాట అటు నుంచి ఇటు. తినేవాళ్ళు కూడా అంతే. అక్కడ ఎవరూ ఎవరి మాటకూ నవ్వడం లేదని గమనించాను.

ఐరాల బస్సు

కాణిపాకం మీదుగా ఐరాల పోయే బస్సు అప్పటికే నిండిపోయి ఉంది. ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ దగ్గర ఒక పెద్దామె, ఈ చివర ఇంకొకామె, మధ్యలో చోటు ఖాళీ. అంత జనంలో ఆ చోటు ఎందుకు మిగిలిందా అని ఆలోచించకుండా వెళ్ళి కూర్చున్నాను.

కిటికీ దగ్గరి ఆమెకు యాభై ఐదేళ్ళుంటాయి. పేరు మునెమ్మ అని తర్వాత తెలిసింది. ఈ చివర ఉన్న రత్నమ్మ ఆమెకంటే పదేళ్ళు చిన్న. బస్సు కదిలాక మునెమ్మ నాకు తమలపాకు ఇవ్వబోయింది. అది చూసి రత్నమ్మ కొంగుముడి విప్పి వేయించిన చెనిక్కాయలు నా ఒళ్ళో పోసింది. ఇద్దరూ నాతో మాట్లాడుతున్నారు, ఒకరి వైపు ఒకరు మాత్రం చూడటం లేదు.

"యాడికి పోతా ఉండావు పాపా? తోడెవరూ రాలేదా?" అని మునెమ్మ అడిగింది.

ఇంగ్లీషు అక్కడ పనికిరాదు. ఊరుకుంటే మర్యాద కాదు. రెండు నెలల తర్వాత తెలుగులో నోరు విప్పాను. మలేసియా నుంచి వచ్చానని, కాణిపాకం చూడాలని ఉందని చెప్పాను. ఎదుటివాళ్ళ గురించి కూడా అడగాలి కదా అని, మా నానమ్మ కొత్తవాళ్ళను అడిగినట్టే అడిగాను: "మీకు గుంటలెంతమందేటి?"

మా తోటలో గుంట అంటే పిల్ల అని అందరికీ తెలుసు. వాళ్ళకు తెలియదు. మునెమ్మ కాసేపు ఆలోచించింది. "గుంటలా? మా కయ్యిలో ఒకటుండాది. మోకాలి లోతు. దాంతో నీకేం పని?" అంది. కయ్యి అంటే వాళ్ళకు పొలంలో మడి, గుంట అంటే గొయ్యి.

నేను కంగారుపడి, చేత్తో పిల్లల ఎత్తు చూపించి, ఎత్తుకున్నట్టు నటించాను. ముందు రత్నమ్మ పగలబడి నవ్వింది. వెంటనే మునెమ్మ. ఇద్దరూ నా మీదుగా వంగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేటట్టు నవ్వారు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు టక్కున ఆగి, ఒకరు కిటికీ వైపు, ఒకరు డ్రైవరు వైపు తిరిగిపోయారు.

నాకు మాత్రం ఒకటి తెలిసింది. నవ్వారు, కానీ నాకు నొప్పి కలగలేదు.

నీది యాడి తెలుగు అని మునెమ్మ అడిగితే మా నానమ్మదని చెప్పాను. అట్లనా అని తల ఊపింది.

ఆ తర్వాత ఒక చెవిలో ఒకరు, రెండో చెవిలో ఇంకొకరు చెప్పినదాన్ని కలిపితే కథ ఇదీ. ఇద్దరూ తోడికోడళ్ళు, ఐరాల దగ్గర సేద్యం. అన్నదమ్ములు భూమి పంచుకున్నారు, ఇంటికి నడుమ గోడ పెట్టుకున్నారు, బావిని మాత్రం పంచుకోలేక వంతులు వేసుకున్నారు. ఒక రోజు ఈమెకు నీళ్ళు, మర్నాడు ఆమెకు. పోయిన ఏడాది ఎండల్లో మునెమ్మ వంతు రోజున కాలవ గట్టు తెగి, నీళ్ళన్నీ రత్నమ్మ చెరుకులోకి పోయాయి. మునెమ్మ వరి నారు ఎండిపోయింది. రత్నమ్మే గట్టు తెంచిందని, కళ్ళారా చూశానని మునెమ్మ ఊరందరిలో చెప్పింది. రత్నమ్మ కాదంది. పెద్దమనుషులు తేల్చలేక, కాణిపాకం పోయి ప్రమాణం చెయ్యండని చెప్పారు. ఆ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే కీడు తప్పదని ఆ చుట్టుపట్ల అందరి నమ్మకం. ఇన్నాళ్ళు వాయిదా వేసి, ఆ శనివారం బయలుదేరారు. తొలి బస్సులో చిత్తూరు పోయి పూజ సామాన్లు కొనుక్కుని, ఇప్పుడు కాణిపాకంలో దిగడానికి వెనక్కి వస్తున్నారు. మొగుళ్ళిద్దరూ మేము రామని తప్పుకున్నారట.

బస్సు బాహుదా నది దాటుతుంటే రత్నమ్మ నాకు ఆ నది కథ చెప్పింది. పూర్వం అన్నదమ్ములు ఇద్దరు ఈ దారిన పోతుంటే తమ్ముడు ఆకలికి ఆగలేక పరాయి తోటలో ఒక మామిడికాయ కోసుకున్నాడట. అన్న ఒప్పుకోక రాజు దగ్గరికి పంపితే, రాజు తమ్ముడి చేతులు నరికించాడట. ఈ నీళ్ళలో మునిగితే ఆ చేతులు మళ్ళీ వచ్చాయట. కథ నాకు చెబుతున్నట్టే ఉంది గానీ, మాటలు నా తల మీదుగా కిటికీ వైపు పోతున్నాయి. మునెమ్మ బయటికే చూస్తూ, కాయ కోసింది నిజమే గదా అని ఆమెనడుగు పాపా, అంది.

కాణిపాకం

ఇక్కడి దేవుడు బావిలో వెలిశాడు. మన గుళ్ళలోలా ఎత్తైన పీఠం మీద ఉండడు, నీళ్ళలోనే ఉంటాడు. ఏటేటా పెరుగుతున్నాడంటారు. గుడి చిన్నది. ఆ రోజు జనం కూడా ఎక్కువ లేరు.

సాక్షిగా నన్ను ఉండమన్నారు ఇద్దరూ. ఊరిదాన్ని కాదు కాబట్టి ఎవరి పక్షమూ మాట్లాడనట. వాళ్ళు కోనేట్లో మునిగి తడిబట్టలతో వచ్చేదాకా మూటలు పట్టుకుని నిలబడ్డాను. రత్నమ్మ దవడలు బిగించి ఉంది. మునెమ్మ వణుకుతోంది. చలికేమో అనుకున్నాను.

పూజారి కర్పూరం వెలిగించి, చెప్పమ్మా అన్నాడు. రత్నమ్మ చెయ్యి చాచింది. మునెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దులే రత్నా."

"ఏడాదిగా ఊర్లో నన్ను దొంగనంటా ఉండారు. ఈడదాకా తెచ్చి ఇప్పుడు వద్దంటావా? నేను ప్రమాణం చేసేదే. అడ్డం రావాకు."

మునెమ్మ చెయ్యి వదల్లేదు. దేవుడి వైపు తిరిగి, మెల్లగా చెప్పింది. "నేను సూడలేదు. పొద్దున్నే పొయ్యి సూస్తే గట్టు తెగి ఉండాది, చెరుకులో నీళ్ళు ఉండాయి. నా నారు ఎండిపొయ్యింది. ఆ కోపంలో కండ్లారా సూసినానని చెప్పినా. చెప్పినాక ఎనక్కి తీసుకోలేకపొయినా."

రత్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆమె పట్టుకున్న చెయ్యి విడిపించుకుంది. తర్వాత, "ఈడ చెప్తే ఎవురికి తెలస్తాది? ఊర్లో చెప్పు," అంది.

పూజారి పళ్ళెం ముందుకు చాపాడు. ముగ్గురం కళ్ళకద్దుకున్నాం. నేను తిరిగి చిత్తూరు వెళ్ళాలి. వాళ్ళు మాత్రం నన్ను వదల్లేదు. సాక్షివి, ఊర్లో చెప్పేటప్పుడు నువ్వూ ఉండాలని రత్నమ్మ పట్టుబట్టింది. ఐరాల బస్సు రాగానే ముగ్గురం ఎక్కాం. ఈసారి కూడా నడుమ నేనే.

ఐరాల

బస్సాగే చోట టీ అంగడి. పదిమంది మగవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్న ఇద్దరు మా తోడికోడళ్ళ మొగుళ్ళు. భార్యలకు ఏడాదిగా మాటల్లేవు, వీళ్ళు మాత్రం రోజూ ఒకే బెంచీ.

మునెమ్మ ఇంటికి పోయి ఆలోచిస్తుందేమో అనుకున్నాను. బస్సు మెట్టు దిగి నేరుగా అంగడి ముందుకు నడిచింది. తడి చీర ఇంకా పూర్తిగా ఆరలేదు.

"అందరూ ఇనండి. గట్టు రత్న తెంచలేదు. నేను సూడలేదు. సూసినానని అబద్ధం చెప్పినా."

అంతే చెప్పింది. ఆమె మొగుడు గ్లాసు కింద పెట్టేశాడు. మరి గట్టు ఎవరు తెంచినారని ఎవరో అడిగారు. తెలీదని మునెమ్మ చెప్పింది. ఎండ్రకాయలు బొక్కలు పెట్టుంటాయి వదినా, ఆ గట్టుకి ఎప్పుడూ ఉండేదే అని రత్నమ్మ మొగుడు నెమ్మదిగా అన్నాడు. ఒక పీత బొరియకు ఏడాది పాటు ఇంత బాధ. ఎవరూ నవ్వలేదు. మునెమ్మ తలెత్తుకునే ఇంటి వైపు నడిచింది.

నేను అంగడి దగ్గరే నిలబడిపోయాను. అంతమంది ముందు తన మాట తప్పని ఒప్పుకుని నిలబడింది ఆమె. నేనేమో మాట తప్పు పోతుందేమోనని రెండు నెలలు నోరే మూసుకున్నాను. నాకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గు క్లాసులో పడిన సిగ్గు లాంటిది కాదు.

మధ్యాహ్నం రత్నమ్మ ఇంట్లో తిన్నాను. రాగిసంగటి నాకదే మొదటిసారి. ముద్ద మధ్యలో గుంట చేసి (ఈసారి గుంటంటే గుంటే) అందులో ఊరుబిండి వేసి నెయ్యి పోసింది. ఊరుబిండి అంటే చెనిక్కాయలు, మిరపకాయలు రోట్లో నూరిన పచ్చడి. నమలకుండా మింగాలట. నేను నమిలాను, పళ్ళకు అతుక్కుంది. ఆమె చూసి నీళ్ళ చెంబు ముందుకు జరిపింది. ఇప్పుడు మనసు తేలికపడిందా అని అడిగాను. "ఒక్క దినంలో మరిసిపొయ్యేదా అది?" అంది. అబద్ధం చెప్పకుండా ఆ మాట చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

సాయంత్రం బస్సు కోసం బయలుదేరేసరికి వాన పట్టుకుంది. వాగు పొంగి బస్సు రాలేదు. ఆ రాత్రికి అక్కడే ఉండిపొమ్మన్నారు. పొద్దు గూకే వేళకు వాకిట్లో మునెమ్మ కనిపించింది. చేతిలో దుప్పటి. లోపలికి రాలేదు. పాపకి కప్పుకునేదానికి అని గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది.

రత్నమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది: "తడస్తా ఉండావు. లోపలికి రాక్కా."

మునెమ్మ వచ్చి, గోడకానుకుని కూర్చుంది. వాళ్ళిద్దరూ అప్పటికీ పెద్దగా మాట్లాడుకోలేదు. నాతో మాట్లాడించారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు వచ్చి చేరారు. రబ్బరు చెట్టుకు గాటు పెడితే పాలు ఎలా కారుతాయో, తెల్లారకముందే ఎందుకు గియ్యాలో, చీనావాళ్ళు, మలాయివాళ్ళు, మనం ఒకే సంతలో ఎలా బేరాలాడతామో చెప్పాను. నా మాటల్లో తెలియనివి వస్తే ఆపి అర్థం అడిగారు, మళ్ళీ చెప్పమన్నారు. ఓడలో అన్ని దినాలు నీళ్ళ మీదే ఉన్నప్పుడు పశువులేం తింటాయని ఒకామె అడిగింది. ఓడలో పశువులు ఉండవంటే మరి పాలెట్లా అని ఇంకొకామె దిగులుపడింది.

చదువు మానేసి వెళ్ళిపోతున్నానని కూడా చెప్పాను. ఆ మాట అంతవరకు ఎవరితోనూ చెప్పలేదు. నువ్వు పోతే మీ బడికి ఎవరున్నారని రత్నమ్మ అడిగింది. ఎవరూ లేరన్నాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది. మునెమ్మ మాత్రం, "నారు ఎండబెట్టుకోవద్దు పాపా," అంది.

ఆదివారం

తెల్లారేసరికి వాన వెలిసింది. బస్సుకు ముందు బావి చూపించారు. రాతి కట్టు, లోపల నల్లటి నీళ్ళు. గట్టు మీద నడుస్తూ వాళ్ళు రెండు మూడు బొరియలు చూపించారు, పచ్చి చెనిక్కాయ మొక్కలు పీకి మట్టి దులిపి నాకిచ్చారు. పచ్చి కాయలో తియ్యదనం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు వంతు ఎవరిదని అడిగాను. వాన పడింది గదా, ఈ పొద్దు ఎవురిదీ కాదు అని రత్నమ్మ చెప్పింది.

సోమవారం ప్రిన్సిపాలు గారి గదికి వెళ్ళలేదు. క్లాసుకు వెళ్ళి, పాఠం నేను చదువుతానని చెయ్యెత్తాను. మధ్యలో మా నానమ్మ మాటలు రెండు మూడు దొర్లాయి, వెనక బెంచీలో నవ్వారు కూడా. నవ్వు అయ్యేదాకా ఆగి, మళ్ళీ చదివాను. ఏడాది తిరిగేసరికి చిత్తూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయిలే తమ ఊరి మాటలు నాకు రాసిచ్చేవారు, మా మాటలు రాయించుకునేవారు.

చదువు ముగించి ఓడెక్కే ముందు ఐరాల మళ్ళీ వెళ్ళాను. ఇంటి నడుమ గోడ అలాగే ఉంది. దాని మీదుగా ఇద్దరూ గట్టిగా పోట్లాడుకుంటున్నారు. భయపడి దగ్గరికి వెళితే సంగతి తెలిసింది. నా భోజనం ఎవరింట్లో అన్నది తగాదా. ప్రమాణం దాకా పోకుండా నేనే తీర్పు చెప్పాను. ముందు పెద్దామె ఇంట్లో సంగటి, తర్వాత చిన్నామె ఇంట్లో సంగటి. నమలకుండానే మింగాను. బస్సు వచ్చేసరికి లేవలేకపోతుంటే, ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లేపారు.